తప్పు పట్టగలిగినవారే ప్రేక్షకులు: పాలమూరు, నల్లగొండ కళలపై ఒక పరిశీలన

అలంపురం పురావస్తు మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పం ఒకటి ఉంది. తల ఉండవలసిన చోట విచ్చుకున్న తామర పువ్వు, ప్రసవ వేళ మడిచినట్టున్న మోకాళ్లు. చేతులు విరిగినవి, ముక్కులు అరిగినవి, మొండేలుగా మిగిలినవి వరుసగా చూసుకుంటూ వచ్చిన సందర్శకుడు దీని దగ్గర నిలబడి, దీని తల కూడా ఎక్కడో పోయింది కాబోలు అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి ఇక్కడ పోయింది ఏమీ లేదు. శిల్పి అలాగే చెక్కాడు. పిల్లల కోసం ఇలాంటి మూర్తికి మొక్కుకునే స్త్రీకి ఆ అనుమానమే రాదు. ఆమె కళ్లకు అది నిండైన అమ్మవారు.

రాయి అదే. చూసేవారు దాన్ని ఏ కోవలో వేసుకుని చూస్తున్నారన్నదే తేడా. 'పాత శిల్పాలు' అనే కోవలో తల లేకపోవడం మామూలు విషయం, కాలం చేసిన నష్టం. 'దేవత' అనే కోవలో తలకు బదులు తామర ఉండటం ఆ మూర్తి చెప్పే అసలు సంగతి.

అమెరికన్ తత్వవేత్త కెండాల్ వాల్టన్ 1970లో రాసిన ఒక వ్యాసం ఈ విషయాన్నే తర్కబద్ధంగా పట్టుకుంది. ఒక కళాఖండాన్ని ఏదో ఒక వర్గానికి చెందినదిగా తప్ప మనం చూడలేం అంటాడాయన. ఆ వర్గంలో అన్నింటికీ ఉండే లక్షణాలు మన కంటికి ఆనవు. ఒకదానికీ మరొకదానికీ మారే లక్షణాల్లోనే మనం అర్థం వెతుకుతాం. వర్గానికే విరుద్ధమైన లక్షణం ఏదైనా కనబడితే ఉలిక్కిపడతాం. మన కూడళ్లలో ఛాతీ వరకే ఉండే నాయకుల విగ్రహాలు చూసి, అయ్యో సగం మనిషే మిగిలాడు అని ఎవరూ జాలిపడరు. అవి అంతవరకే ఉంటాయని అందరికీ తెలుసు కనుక ఆ కోత ఎవరికీ కనిపించదు.

వాల్టన్ చెప్పినదానికి ఒక మాట చేర్చుకోవచ్చు. వర్గం ముఖ్యంగా తేల్చేది అందమేదో కాదు, తప్పేదో. ఏది లోపం, ఏది కాదు అన్న లెక్క మారితే వస్తువు మారినంత పని జరుగుతుంది. ఆ లెక్క తెలిసి, తప్పు జరిగినప్పుడు పట్టుకోగలిగినవారే ఆ కళకు నిజమైన ప్రేక్షకులు. మిగిలినవారు చూపరులు. దక్షిణ తెలంగాణలో శిల్పం, పద్యం, పాట, వస్త్రం గత వందేళ్లలో ఒక వర్గం నుంచి మరో వర్గానికి ఎలా జరిగాయో చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

అలంపురంలోనే మరికొంచెం ఆగుదాం. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. పేర్లు బ్రహ్మవే అయినా అన్నీ శివాలయాలే. వాటిలో బాలబ్రహ్మ ఆలయం ప్రధానంగా పూజలందుకుంటున్నది. అక్కడ కొబ్బరికాయలు, హారతి, బారులు తీరిన భక్తులు. పక్కనే ఉన్న తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మల దగ్గర కెమెరాలు, పురావస్తు శాఖ బోర్డు. ఒకే కాలపు గుళ్లు, పక్కపక్కనే ఉంటూ రెండు వేరు లెక్కల కింద బతుకుతున్నాయి. పూజలో ఉన్న మూర్తి బీటలు వారితే అది పెద్ద దోషం, ఖండిత విగ్రహానికి పూజ చేయరాదని ఆగమాలు చెబుతాయి. రక్షిత కట్టడానికి బీటలు సహజం, రంగు పూస్తే మాత్రం ఘోరం. భక్తితో ఎనామిల్ పెయింటు డబ్బా పట్టుకొచ్చిన గ్రామస్థుడు, దాన్ని చూసి గుండె పట్టుకునే పురావస్తు అధికారి, ఇద్దరూ తమ తమ లెక్కల్లో న్యాయంగానే ఉన్నారు. జోగుళాంబ అమ్మవారి మూర్తి శతాబ్దాల తరబడి బాలబ్రహ్మ ఆలయంలోనే ఉండి, 2005లో తిరిగి కట్టిన కొత్త గుడికి చేరింది. ఆ కొత్త కట్టడం వయసు గురించి భక్తులెవరూ ఆరా తీయరు. శిల్పచరిత్ర విద్యార్థి మొదట అడిగేది అదే.

నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానిది మరో కథ. గర్భగుడిలో పగలంతా నిలిచే స్తంభపు నీడ దానికి పేరు తెచ్చింది. వచ్చినవారంతా నీడ చూసి, అది ఏ స్తంభానిదో వాదించుకుని వెళతారు. మూడు గర్భగుళ్ల కూర్పు, స్తంభాల మీది చెక్కడం పక్కకు పోతాయి. గుడి 'వింత' అనే వర్గంలో పడింది. వింతకు ఉండే పరీక్ష ఒక్కటే, నీడ పడిందా లేదా.

ఇక పద్యం. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితులకు ఆశ్రయమిచ్చినవి. గద్వాలకైతే విద్వద్గద్వాల అనే పేరే వచ్చింది. తిరుపతి వేంకట కవులు అవధానాలతో ఊరూరా తిరిగిన రోజుల్లో ఈ సంస్థానాల సభలకూ వచ్చారు. అక్కడ సభికుడంటే యతి తప్పితే ముఖం చిట్లించేవాడు, వ్యాకరణం జారితే లేచి నిలబడేవాడు. అలంకారశాస్త్రం కవికి సమానమైన హృదయం గలవాడిని సహృదయుడు అంది. సంస్థానాల సభల్లో హృదయంతో పాటు కొంచెం కోర కూడా ఉండేదని అప్పటి శాస్త్రార్థ వివాదాలు చదివితే అర్థమవుతుంది. ఏమైనా కవి భయపడేదీ వారికే, రాసేదీ వారికే.

ఈ సభల వెలుపల ఉన్న పాఠకులకు మాత్రం అవేవీ కనిపించలేదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్న, అనే మాట అచ్చయింది. దానికి జవాబుగా గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఆయన స్వస్థలం గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడు. సాధారణంగా ఈ సంచికను ఆత్మగౌరవ ప్రకటనగా మాత్రమే తలచుకుంటారు. ఇందులో మరో పాఠం కూడా ఉంది. కవులు లేరన్న మాట నిజానికి కవుల గురించినది కాదు, అచ్చు పత్రికలు, పుస్తకాలు ఎవరికి చేరాయన్నదాని గురించినది. జవాబు కూడా అచ్చులోనే, లెక్కతోనే ఇవ్వాల్సి వచ్చింది. అలా ఇచ్చేటప్పుడు ఎదుటివారి కొలతనే ఒప్పుకోక తప్పలేదు. సంచికలో ప్రధానంగా నిలిచింది పద్యం. అదే సమయంలో పాలమూరు జిల్లాలో కిన్నెర అనే తీగల వాద్యం మీటుతూ, బుర్ర వాయిస్తూ వేల పంక్తులు నోటికి చెప్పేవారు ఎందరో ఉన్నారు. కవి అనే పేరు ఆనాటికి వారికి వర్తించదు. తెలంగాణ కవికి స్థానం సంపాదించిన గ్రంథం కవి అంటే ఎవరన్న గీతను మాత్రం పెద్దగా జరపలేదు. 1934లో అది కోరదగిన పని కూడా కాదేమో.

అదే ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'తో ఇంకా సాహసమైన పని చేశారు. కావ్యాలను కావ్యాలుగా చదవడం మానేసి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ జూదంలో పోగొట్టుకున్నారు అని వాటిని నిలదీశారు. పండితుడు అశ్లీలమనో, నీచోపమానమనో విసుక్కునే పద్యం చరిత్రకారుడి చేతిలో బంగారమైంది. చక్కని వర్ణన నిండిన పద్యం అదే చేతిలో పనికిరానిదీ అయింది, ఎందుకంటే అందులో ఎవరి ఇంటి వంటా లేదు. సాహిత్య అకాడమీ తెలుగులో మొదటి పురస్కారాన్ని 1955లో ఈ పుస్తకానికే ఇచ్చింది. సాహిత్యాన్ని సాక్ష్యంగా వాడుకున్న గ్రంథాన్ని సాహిత్యంగా గౌరవించారన్నమాట. వర్గాలు ఇలా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవడం తెలుగులో కొత్తేమీ కాదు.

ఈ చర్చకు అన్నింటికన్నా గట్టి ఉదాహరణ కిన్నెర. పాల్కురికి సోమనాథుడి బసవ పురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథ ఉంది. అక్కడ కిన్నెర శివభక్తుడి వాద్యం. తరువాతి శతాబ్దాల్లో పాలమూరు పల్లెల్లో అది దక్కలివారి చేతిలో కనబడుతుంది. సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, మైనంతో నిలిపిన మెట్లు, తీగలు. దక్కలివారు మాదిగలకు ఆశ్రిత కులం. జాంబ పురాణం చెప్పడం, పోషక కులం పుట్టుకనూ వంశాలనూ కీర్తించడం వారి వృత్తి. ఏ ఊళ్లు ఎవరివో మిరాశిగా, అంటే వంశపారంపర్య హక్కుగా పంచుకున్నవే. అంటే కథకుడు ప్రేక్షకుడిని ఎంచుకోడు, ప్రేక్షకుడూ కథకుడిని ఎంచుకోడు.

ఆ కట్టడిలో ఒక విశేషం ఉంది. వింటున్నది సొంత వంశం గురించి. ఒక తరం దాటవేసినా, ఒక పేరు తారుమారైనా గుంపులో ఎవరికో ఒకరికి తెలిసిపోతుంది. గొంతు బొంగురు పోతే పరవాలేదు, తీగ కాస్త దిగితే పరవాలేదు, ముత్తాత పేరు తప్పితే మాత్రం కుదరదు. ఇక్కడ రాగతాళాలు సాధనాలు, జ్ఞాపకం అసలు సరుకు. మ్యూజికాలజీ పద్ధతిలో దీన్ని కొలిచినవారు కొన్నిసార్లు స్వరాల సంఖ్య తక్కువని రాస్తారు. వంశావళిని స్వరాల సంఖ్యతో కొలవడం ఎంత సబబో పాఠకులే ఊహించవచ్చు.

పండుగ సాయన్న కథ కూడా ఇదే కిన్నెర మీద నడిచింది. పాలమూరు ప్రాంతంలో దొరల సొత్తు దోచి పేదలకు పంచాడని జనం చెప్పుకునే వీరుడు. పోలీసు దస్తావేజుల వర్గంలో అతను బందిపోటు, పాటలో దాత. పాట వినేవారికి సాయన్న దొంగ కాదని ఒప్పించాల్సిన పని లేదు. వాళ్లు ఒప్పుకునే వచ్చి కూర్చున్నారు. పాట పని అతన్ని తలచుకోవడం మాత్రమే. బయటివారు మాత్రం దీన్ని వాదనగా విని, ఇందులో ఆధారాలేవి అని అడుగుతారు.

నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో ఈ కథలు పాడారు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట ఆరంభం ఆయన గొంతుతో రాష్ట్రమంతా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ సినిమా పాటలో జరిగింది గమనించదగ్గది. కథానాయకుడు ఎక్కడ పుట్టాడు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ముత్తాతలెవరు అని వరుస పెట్టి చెబుతారు. పద్ధతి అచ్చంగా వంశ కీర్తనదే. కాని ఆ వంశం సినిమా రచయిత కల్పన. ముత్తాత పేరు మార్చినా పట్టుకునేవాడు థియేటర్‌లో ఒక్కడూ లేడు, ఉండే వీలు లేదు. జ్ఞాపకం మోసే రూపం మిగిలింది, మోయాల్సిన జ్ఞాపకం లేదు. అక్కడ జనం మెచ్చుకున్నది గొంతులోని గరుకుదనాన్ని, అడవి వాసనను. అంటే పాత లెక్కలో కంటికి ఆనని లక్షణమే కొత్త లెక్కలో కళ అయింది.

దీన్ని పతనమని ఏడవడం తేలిక, అన్యాయం కూడా. పాత ప్రేక్షకుడు తప్పులు పట్టగలిగాడంటే కులవ్యవస్థ అతన్నీ కథకుడినీ ఒకే గాటకు కట్టేసింది కనుక. దక్కలి కథకుడు అంటరానివారిలోనే అంటరానివాడిగా ఊరి చివర నిలబడి ఆ నైపుణ్యాన్ని కాపాడాడు. 'జానపద కళాకారుడు' అనే కొత్త పేరు ఎంత మొద్దు పేరైనా, అది అతన్ని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టింది. శాలువా కప్పినవారికి జాంబ పురాణంలో ఒక్క అధ్యాయం తెలియకపోవచ్చు. అయినా ఆ శాలువాను తీసిపారేయమని చెప్పే హక్కు ఇంట్లో కూర్చుని కళల స్వచ్ఛత గురించి రాసేవారికి లేదు. అయితే వేదిక మీద ఇచ్చే పది నిమిషాల్లో పురాణం పట్టదు. పది నిమిషాల్లో పట్టేది పాట మాత్రమే. అందువల్ల వర్గం పేరు మారడంతో రచన నిడివీ మారింది, నిడివితో ఏది గుర్తుంచుకోవాలన్నదీ మారింది.

నల్లగొండ పాటకు ఇలాంటి ప్రయాణమే ఉంది, దారి వేరు. సుద్దాల హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా' సాయుధ పోరాట కాలపు సభల కోసం పుట్టిన పాట. పశులుగాసే పసివాడి బాధలు వినేవారు వెట్టి చాకిరీ చేస్తున్నవారే. గాయకుడి శ్రుతి కుదిరిందా అన్నది వారి ప్రశ్న కాదు. మన సంగతి చెప్పాడా, దొరకు తగిలిందా అన్నదే వారి పరీక్ష. 1970ల చివర తీసిన 'మా భూమి' సినిమాలో అదే పాట ముప్పై ఏళ్ల నాటి చరిత్రగా మారి వచ్చింది. బండి యాదగిరి 'బండెనక బండి కట్టి' కూడా అంతే. ఆ సినిమా తరువాత పుట్టినవారికి ఈ పాటలు తెలంగాణ ఉద్యమ వేదికల మీద పరిచయం. ఈనాటి టీవీ పోటీల్లో పిల్లలు పాడితే న్యాయనిర్ణేతలు పైస్థాయిలో గొంతు నిలిచిందా అని చూస్తారు. పాటలోని దొర ఎవరో వారిలో ఎవరూ అడగరు. అడగకపోవడం వల్ల పాట చెడదు, దాని పదును మాత్రం గుచ్చుకోదు. దొరకు కోపం రావడమే ఈ పాటలకు అసలైన విమర్శ అయిన రోజులుండేవి.

గోరటి వెంకన్న విషయంలో వర్గమే కదలక తప్పలేదు. నాగర్‌కర్నూలు జిల్లా గౌరారంలో పుట్టిన ఈ వాగ్గేయకారుడి 'వల్లంకి తాళం'కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం కవిత్వం కింద వచ్చింది. పాట కవిత్వమా కాదా అన్న పాత తగవు ఉన్నదే. పుటల మీద చదివేవారికి పల్లవి తిరిగి తిరిగి రావడం విసుగు, పదేపదే చెప్పడమనే లోపం. వినేవారికి ఆ పునరుక్తే ఊపిరి, పాడేవాడితో గొంతు కలిపే చోటు. 1934లో గోలకొండ కవుల సంచిక జరపని గీత ఇక్కడ కొంత జరిగింది. పాలమూరు వాళ్లే ఆ గీత ఇటువైపూ అటువైపూ ఉండటం కాకతాళీయమే అయినా చెప్పుకోదగ్గది.

వస్త్రం దగ్గరికి వస్తే తప్పు అనే మాటకు ధర కూడా తోడవుతుంది. పాత నల్లగొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో పోచంపల్లి, పుట్టపాక ఉన్నాయి. పోచంపల్లి ఒక్కొక్కరికి ఒక్కో ఊరు. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి భూమిలేని పేదలకు వంద ఎకరాలు ఇచ్చిన భూదాన క్షేత్రం కొందరికి, నేతకు ముందే నూలుకు రంగులద్దే ఇక్కత్ పనికి 2005లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన ఊరు మరికొందరికి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేరాక ఊరే చూడవలసిన వస్తువైంది. పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి, ఎరుపు నలుపు తెలుపులతో తీర్చే ఈ గుడ్డ ఒకప్పుడు తలపాగా, భుజం మీది కండువా, లుంగీ. పల్లెకారులు, పశువుల కాపరులు కట్టారు, అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లింది. ఆ కొనుగోలుదారుకు రంగు వెలవకూడదు, గుడ్డ మెత్తగా ఉండాలి. నూనె వాసన అతనికి నాణ్యతకు గుర్తు. గాజు చట్రంలో గోడకు తగిలించేవారికి ఆ వాసన అక్కర్లేదు, చెమట పీల్చే గుణమూ అక్కర్లేదు. వారికి కావలసింది గళ్ల కొలత, రెండు వైపులా సరిపోయిన నమూనా. గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చాయి. నేతగాడు కళాకారుడైనప్పుడు గుడ్డ మీద పేరు చేరుతుంది. తలపాగా చుట్టుకున్నవాడు నేసినవాడి పేరు ఏనాడూ అడగలేదు.

ఇక్కత్‌లో తప్పు అనేది మరీ విచిత్రంగా ఉంటుంది. పడుగు, పేక నూళ్లను ముందే చిటికి కట్టి, కట్టిన చోట రంగు అంటకుండా ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఆ తరువాత మగ్గమెక్కిస్తారు. నేతలో నూలు వెంట్రుకవాసి జరిగినా నమూనా అంచు చెదిరి, ఈకలాగా కనిపిస్తుంది. అచ్చు బట్టలకు అలవాటు పడిన కొనుగోలుదారుకు ఇది లోపం, అంచు సరిగా లేదని బేరం తగ్గిస్తాడు. ఇక్కత్ తెలిసిన నగరవాసికి ఆ చెదురే చేతి పనికి సాక్ష్యం, అంచు మరీ కత్తిరించినట్టుంటే ఇది అచ్చేమో అని అనుమానిస్తాడు. నేసేవారి లెక్క ఈ రెండూ కాదు. చెదురు ఉండి తీరుతుంది, అది ఎంత తక్కువైతే చేతికి అంత పేరు. కొనేవారిలో మెచ్చుకునేవారు మెచ్చుకునేది మగ్గం మీద కూర్చున్నవారు తగ్గించాలని చూస్తున్నదాన్నే అన్నమాట. దీన్ని చేనేత ప్రదర్శనల్లో ఎవరూ గట్టిగా అనరు, వ్యాపారం కదా.

వర్గం ఎక్కడ గీత గీస్తుందో చూడటానికి ఆసు యంత్రం కూడా పనికొస్తుంది. పేక నూలును మేకుల చుట్టూ తిప్పడానికి ఆడవాళ్లు ఒక్కో చీరకు వేల సార్లు చేయి ఊపేవారు, భుజాలు పడిపోయేవి. తల్లి పడే బాధ చూసి ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆ పని చేసే యంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రంతో ఆసు పోసిన చీర కూడా చేనేతే, ఎందుకంటే చేనేత అనే వర్గం చూసేది మగ్గాన్ని. కరెంటు మగ్గం ఎక్కితే మాత్రం అదే నూలు, అదే చిటికి ఉన్నా గుర్తింపు పోతుంది. ఆడవాళ్ల భుజాల శ్రమ వర్గం లెక్కలో ముందు కూడా లేదు కాబట్టి, దాన్ని తీసేస్తే వర్గానికి తేడా రాలేదు. ఒక విధంగా అది మంచికే జరిగింది.

అచ్చు వేసిన నకిలీని పట్టుకోవడానికి నేతవాళ్లు చెప్పే పద్ధతి సులువైనది, చీరను తిప్పి చూడాలి. ఇక్కత్‌లో నూలుకే రంగు ఉంటుంది కనుక ముందూ వెనుకా ఒకటే. అచ్చు బట్ట వెనుక వైపు వెలిసినట్టుంటుంది. దుకాణంలో కూర్చుని కొనే రోజుల్లో ఈ ఒక్క పరీక్షతో ఎవరైనా తప్పు పట్టగలిగేవారు. ఫోనులో బొమ్మ చూసి కొనేవారికి చీర ఒక వైపే కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు చేనేత ముద్రకూ భౌగోళిక గుర్తింపుకూ అంత విలువ, కొనుగోలుదారు చేతికి అందని వెనుక వైపును ఎవరో అధికారి తమ తరఫున తిప్పి చూశారన్న నమ్మకానికే వాళ్లు డబ్బు కడుతున్నారు.